గులాబీకి ఇవ్వని అయిదు నిమిషాలు

1987 ఎండాకాలం. పటాన్‌చెరు దాటాక బొంబాయి రోడ్డు పక్కన ఉన్న ఒక ధర్మకాంటాలో నేను ఆపరేటర్‌గా చేరి అప్పటికి ఆరేళ్లయింది. ధర్మకాంటా అంటే లారీలను తూచే కాంటా. కంపెనీ కాగితాల్లో వే బ్రిడ్జి అని రాసేవాళ్లు, రోడ్డు మీద మాత్రం అందరికీ కాంటాయే. నా పేరు సత్తయ్య అయినా డ్రైవర్లందరికీ నేను కాంటా సత్తయ్యనే. మాది హత్నూర దగ్గర పల్లె. పదో తరగతి పాసై, ఉన్న కొద్దిపాటి పొలం అన్నకు వదిలేసి, ఫ్యాక్టరీలో నౌకరీ దొరుకుతుందని ఇటు వచ్చినవాణ్ని. ఫ్యాక్టరీ దొరకలేదు, దాని గేటు ముందు నుంచి పోయే లారీలు దొరికాయి.

కాంటా ఎలా పనిచేస్తుందని చాలామంది అడుగుతుంటారు. పెద్ద విద్యేమీ కాదు. భూమిలో ఒక గొయ్యి, గొయ్యి మీద ఇనుప ప్లాట్‌ఫారం. లారీ దాని మీదికి ఎక్కితే ఆ బరువు కింద ఉన్న ఇనుప కడ్డీల మీదుగా నా గదిలోకి వచ్చి, పొడుగాటి ఇత్తడి దండెను పైకి లేపుతుంది. దండె మీద ఒక గుండు ఉంటుంది. దాన్ని వేలితో మెల్లగా జరుపుకుంటూ పోతే ఒకచోట దండె పైకీ పోకుండా కిందికీ రాకుండా సమంగా నిలబడుతుంది. గుండు ఏ అంకె దగ్గరుందో అదే బరువు. సరుకుతో తూస్తే గ్రాస్, ఖాళీ బండిని తూస్తే టేర్, రెండింటికీ ఉన్న తేడా నెట్. మా పనంతా ఈ మూడు మాటలే, మిగిలింది ఓపిక. ఆ ఓపిక నాకు దండిగా ఉందనే అనుకునేవాణ్ని.

దండె నిలబడని బండ్లు కూడా ఉంటాయి. బొల్లారం మందుల కంపెనీలకు పోయే ట్యాంకర్లు సగం నిండి వస్తే లోపల ద్రవం అటూ ఇటూ కొట్టుకుంటుంది, దాంతోపాటు దండె కూడా కొట్టుకుంటుంది. దాని కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే వెనక లైన్ పెరిగిపోతుంది. అందుకే మా ఓనరు పటేలు నేను చేరిన మొదటి వారంలోనే ఒక పద్ధతి చెప్పాడు. ఊగే లోడుకు పై అంకె రాయి, బండిని పంపేయి. తక్కువ రాసిన బండి ముందుకుపోయి ఎక్కడైనా బోల్తాపడితే మన స్లిప్పే పట్టుకుంటారు, ఎక్కువ రాస్తే మనకు తిప్పలు లేవు అని ఆయన లెక్క. ట్యాంకర్లకు దానివల్ల వచ్చిన నష్టం కూడా లేదు. కంపెనీ లోపల వాళ్ల కాంటా మీద మళ్లీ తూచుకునేవాళ్లు. నేను ఆరేళ్లూ అలాగే రాశాను. నా స్లిప్పు మీద ఒక్కరు కూడా తిరిగి వచ్చి గొడవపడలేదని నాకు లోపల్లోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

ఆ మే నెలలో మా రోడ్డు మీదికి కొత్త బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌ను మా దగ్గర అందరూ అలాగే పిలుస్తారు. కోస్తా వైపు మనిషి, ఇస్త్రీ నలగని చొక్కా, ఎవరి టీ తాగడు. అంతకు వారం ముందు లోడెక్కువైన లారీ ఒకటి మలుపులో పల్టీ కొట్టింది. అప్పటి నుంచి ఆయన అనుమానం వచ్చిన ప్రతి బండినీ ఆపి నా దగ్గరికి తూకానికి పంపేవాడు. చట్టం తన చేతిలో ఉందని మిడిసిపడే రకం కాదు. పుస్తకంలో ఉన్నది చేసి ఇంటికి పోయే రకం. అలాంటివాళ్లు ఉండాలనే నేను ఇప్పటికీ అంటాను.

ఒకరోజు పొద్దున పదింటికి ఆయన పంపిన బండిని చూసి నేను గదిలోంచి బయటికి వచ్చేశాను. పాత కాలపు చిన్న లారీ. వెనక నిలువెత్తు ఏనుగు.

మాకు తెలిసిన ఏనుగే. నెల రోజులుగా పటాన్‌చెరు మైదానంలో ఒక చిన్న సర్కస్ ఆడుతోంది. నా పిల్లలిద్దరినీ తీసుకుపోయి చూపించాను కూడా. ఈ ఏనుగు స్టూలు మీద కూర్చుని తొండంతో గంట కొడితే నా బిడ్డ అరచేతులు ఎర్రగా కందేదాకా చప్పట్లు కొట్టింది. పేరు గులాబీ. చెవుల అంచులా తొండం మొదలూ గులాబీ రంగుకు తిరిగి మచ్చలు మచ్చలుగా ఉండేవి కాబట్టి ఆ పేరు. సర్కస్ తర్వాతి మకాం సంగారెడ్డి. డేరాలు ముందురోజే పోయాయి, ఈ లారీ మిగిలింది.

ఏనుగు పక్కనే యూసుఫ్ నిలబడి ఉన్నాడు. దాన్ని చూసుకునే మావటి. బీదర్ దిక్కు మనిషి, యాభై దాటిన వయసు, గడ్డం సగం నెరిసింది. చిన్నప్పటి నుంచి సర్కస్‌లతో తిరిగి తిరిగి నాలుగు భాషలు కలిపి మాట్లాడేవాడు.

లారీ తలుపు మీద రెండు అంకెలు తెల్ల రంగుతో రాసి ఉంటాయి. బండి ఖాళీ బరువు ఒకటి, సరుకుతో కలిపి దాటకూడని బరువు రెండోది. ఈ లారీకి దాటకూడనిది డెబ్బై మూడు క్వింటాళ్లు. నేను గదిలోకి వెళ్లి గుండు జరపడం మొదలుపెట్టాను. దండె ఎక్కడా ఆగదు. అరవై ఎనిమిది దగ్గర కిందికి పడుతుంది, జరిపితే డెబ్బై అయిదున్నర దాకా లేస్తుంది. కిటికీలోంచి తల బయటపెట్టి చూశాను. గులాబీ ఊగుతోంది. ముందు కాలు మీదికి ఒరిగి, తల ఎత్తి, వెనక్కి వాలి, మళ్లీ ముందుకు. భయపడి కాదు, బెదిరి కాదు. మనకు మనం తెలియకుండా కాలు ఊపుతామే, అలాగ. మా పిల్లలు సర్కస్‌లో దాన్ని చూసి ఏనుగు డ్యాన్స్ చేస్తోందని సంబరపడ్డారు. నేను కూడా అలాగే అనుకున్నాను.

కదలకుండా నిలబెట్టమని యూసుఫ్‌కు చెప్పాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"అది నా మాట ఇనక కాదు సాబ్. కాళ్లకు గొలుసున్నంత సేపు ఊగుతనే ఉంటది, అది దాని చేతుల లేదు. గొలుసు తీసి నేను పక్కన నిలబడ్తే ఆగుతది. జెర టైం ఇయ్యుండ్రి. అయిదు మినిట్లు చాలు."

వెనక అప్పటికే ఏడెనిమిది లారీలు ఆగాయి. హారన్లు మొదలయ్యాయి. ప్లాట్‌ఫారం ఇనుము మీద నీళ్లు పోస్తే చుయ్యిమనే ఎండ. నా ప్లాట్‌ఫారం మీద గొలుసు లేని ఏనుగా? అది కాస్తా బెదిరి దూకితే ఎవరు పట్టుకుంటారు? ఈ ఆలోచన వచ్చిందని చెప్పుకుంటే నాకు కొంచెం మర్యాదగా ఉంటుంది. నిజం చెప్పాలంటే భయం కంటే విసుగే ఎక్కువ. లైన్ ఆగింది, నాకు అది నచ్చలేదు. అంతే.

"అయిదు మినిట్లు లేవు, రెండు మినిట్లు లేవు. గిట్ల ఒక్కొక్కనికి టైం ఇచ్చుకుంట కూసుంటే ఇగ నేను పొద్దూకేదాక గీడనే ఉండాలె," అన్నాను.

ఊగే లోడుకు పై అంకె. డెబ్బై అయిదు క్వింటాళ్ల యాభై కిలోలని స్లిప్పు రాసి చేతిలో పెట్టాను.

ఇన్‌స్పెక్టర్ స్లిప్పు చూసి, తలుపు మీది అంకె చూసి, రెండున్నర క్వింటాళ్లు ఎక్కువుందన్నాడు. చట్టం సులువు. ఎక్కువున్న సరుకు దింపి, బండిని పంపాలి. ఉల్లిగడ్డ బస్తాలైతే అయిదు దింపుతారు. గులాబీలో రెండున్నర క్వింటాళ్లు ఎక్కడి నుంచి దింపుతారు? చుట్టూ మూగిన డ్రైవర్లు నవ్వారు, నేనూ నవ్వాను. మేత కట్టలు, యూసుఫ్ ట్రంకు పెట్టె దింపి చూశారు. అవన్నీ కలిపితే క్వింటాలు కూడా లేవు. పక్కలకు కట్టిన పలకలు తీస్తే ఏనుగు నిలబడలేదు. సాయంత్రం సంగారెడ్డిలో ఆట ఉంది, లారీ అప్పటికల్లా అక్కడ ఉండాలి. ఆఖరికి లారీ డ్రైవరే దారి చెప్పాడు. ఏనుగును దింపేస్తే బండి పోతుంది, ఏనుగు నడిచి వస్తుంది.

ఇన్‌స్పెక్టర్‌కు అభ్యంతరం లేదు. లారీలో ఉన్నంతసేపు అది లోడు, లోడుకు లెక్క ఉంది. రోడ్డు మీద నడిచిపోతే అది తన పరిధి కాదు.

అప్పుడు యూసుఫ్ గులాబీ వెనక ఎడమ కాలు ఎత్తించి చూపించాడు. అరికాలు పగిలి, పగులులో చీము. నాలుగు రోజుల కింద ఏదో రేకు ముక్క గుచ్చుకుందట. మేకలాగ మూడు కాళ్ల మీద గెంతే జంతువు కాదు కదా, ప్రతి అడుగుకూ ఆ కాలు మోపాల్సిందే. ఇరవై అయిదు కిలోమీటర్ల పైన తారు రోడ్డు, మే నెల ఎండ. రెండు రోజుల్లో సంగారెడ్డి పశువుల డాక్టరు చూస్తానన్నాడు, అప్పటిదాకా దీన్ని నడిపించొద్దు సార్ అని బతిమాలాడు.

ఇన్‌స్పెక్టర్ ఆ కాలి వంక చాలాసేపు చూశాడు. ముఖంలో బాధ కనిపించింది.

"నాకు జాలి లేక కాదు. కానీ స్లిప్పు ఏం చెబితే నేను అదే చేయాలి. ఏమయ్యా సత్తయ్యా, తూకం సరిగ్గా చూశావు కదా?"

అందరూ నా వైపు తిరిగారు. ఆరేళ్లలో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయన. దండె నిలబడలేదు సార్, అందాజగా పై అంకె రాశాను అని చెప్పడానికి రెండు సెకన్లు చాలు. అంతమంది డ్రైవర్ల ముందు, కాంటా సత్తయ్య స్లిప్పు అందాజ అని నా నోటితో నేను చెప్పాలి.

"సరిగ్గనే సూసిన సార్," అన్నాను.

కాంటా పక్కన లారీల్లోకి సామాను ఎక్కించే మట్టి దిబ్బ ఒకటి ఉండేది. దాని మీదికి గులాబీని దింపారు. మా రివాజు ప్రకారం ఖాళీ అయిన లారీని మళ్లీ తూచాను. పలకలూ మేతా పెట్టె కలిపి నలభై క్వింటాళ్ల అరవై. ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టి జీపెక్కి ముందుకు పోయాడు. లారీ కూడా పోయింది. లైన్‌లో ఉన్న బండ్లు ఒక్కొక్కటే తూచి పంపించి, లేచి బయటికి వచ్చేసరికి యూసుఫ్ ఇంకా అక్కడే ఉన్నాడు. గొలుసు విప్పి భుజం మీద వేసుకున్నాడు. గులాబీ షెడ్డు నీడలో నిలబడి ఉంది. ఊగడం లేదు. నేను చూశాను, చూడనట్టు ఉండాలనుకున్నాను, కుదరలేదు.

యూసుఫ్ దగ్గరికి వచ్చి ఒక సాయం అడిగాడు. డాక్టరు ఇచ్చే మందు బరువును బట్టి ఉంటుందట, ఎంతుందో రాసిమ్మన్నాడు. నేను నెట్ లెక్కగట్టి ముప్పై నాలుగు క్వింటాళ్ల తొంభై అని చెప్పాను. డెబ్బై అయిదు యాభైలోంచి నలభై అరవై తీసేస్తే అంతే.

"గంత ఉండదు సాబ్. అది ఎన్నడు గంత లేదు. ఎక్కువ రాసిస్తే మందు ఎక్కువ పడ్తది. ఇప్పుడు బండ్లు లేవు గదా, ఒక్కపారి ఎక్కించి సూడుండ్రి."

నిజమే, బండ్లు లేవు. కాదనడానికి నా దగ్గర ఏ సాకూ లేదు. గులాబీ తనంత తానే ప్లాట్‌ఫారం మీదికి నడిచి వచ్చింది. ఇనుము కాలుతుందని నేను ముందే రెండు బకెట్ల నీళ్లు చల్లాను. ఆ తడి మీద కాళ్లు పెట్టి, తొండం యూసుఫ్ భుజం మీద ఆనించి, అలాగే నిలబడిపోయింది. నేను గుండు జరిపాను. దండె ఒక్కసారి లేచి, దిగి, సమంగా ఆగింది. ఆరేళ్లలో అంత చక్కగా నిలబడ్డ తూకం నేను చూడలేదు. ముప్పై ఒక్క క్వింటాళ్ల ఇరవై కిలోలని కొత్త స్లిప్పు రాశాను.

దాని వెనక పెన్సిల్‌తో రెండు బరువులూ కలిపాను. నలభై అరవై, ముప్పై ఒకటి ఇరవై. డెబ్బై ఒకటి ఎనభై. లారీ దాటకూడనిది డెబ్బై మూడు. అంటే గులాబీ హాయిగా లారీలోనే పోవచ్చు. ఇంకో క్వింటాలు ఎక్కించుకుని కూడా పోవచ్చు. మళ్లీ కలిపాను, మళ్లీ అదే వచ్చింది. ఇన్‌స్పెక్టర్ జీపు ఎటుపోయిందో తెలియదు, లారీ రుద్రారం దాటి ఉంటుంది, ఫోన్ చేయడానికి ఊళ్లో పోస్టాఫీసు తప్ప దిక్కు లేదు. చేసినా ఎవరికి చేయాలి? యూసుఫ్ స్లిప్పు తీసుకుని మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. సలాం చేసి గులాబీ చెవి పట్టుకుని రోడ్డు వైపు తిప్పాడు.

చిన్నప్పుడు మా ఇంట్లో జత ఎద్దులుండేవి. తారు రోడ్డు మీద బండి కట్టాల్సి వస్తే మా నాయన ముందు వాటికి నాడాలు కొట్టించేవాడు. నాడాలు లేని ఎద్దును రోడ్డెక్కిస్తే ఊళ్లో పెద్దవాళ్లు తిట్టేవాళ్లు. ఎద్దుకు చూపించిన ఆ మాత్రం దయ ఈ జంతువుకు నా స్లిప్పు వల్ల దక్కకుండా పోయింది. గదిలో పాత గోనె సంచులు ఒక మోపు ఉన్నాయి. వాటిని నీళ్ల తొట్టిలో ముంచి భుజాన వేసుకుని, గదికి తాళం వేసి, యూసుఫ్‌ను ఆగమన్నాను. పనిదినం మధ్యాహ్నం కాంటాకు తాళం పడటం అదే మొదటిసారి. పటేలు చేతిలో ఆ తర్వాత తిన్న తిట్లు వేరే కథ, అవి నేను పూర్తిగా సంపాదించుకున్నవే.

గులాబీ వెనక కాళ్లకు తడి గోనె కట్టి నడిపించాం. రెండు కిలోమీటర్లకు ఒక సంచి చిరిగిపోయేది, ఇంకోటి కట్టేవాళ్లం. నీళ్లు కనిపించిన చోటల్లా తడిపేవాళ్లం. రోడ్డు అంచు మట్టి మీద నడిపిద్దామంటే అక్కడ గాజు పెంకులూ కంకర రాళ్లూ. తారు మీదికి వస్తే వెనక నుంచి హారన్లు. అప్పటిదాకా నేను లారీలను నా ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉండగానే చూశాను. నడిచేవాడి పక్క నుంచి పోయేటప్పుడు అవి ఎలా ఉంటాయో ఆ రోజే తెలిసింది. రోడ్డు నియమాలన్నీ చక్రాలున్నవాళ్లు చక్రాలున్నవాళ్ల కోసం రాసుకున్నట్టు అనిపించింది. బరువెంత, వేగమెంత, ఎటు పక్క, ఏ లైటు, అన్నింటికీ లెక్క ఉంది. కాలు కాలే దానికి లెక్క లేదు. అయితే డ్రైవర్లందరూ ఒక్కలా లేరు. ఇస్నాపూర్ దగ్గర ఒక సర్దార్జీ తన లారీని మా వెనక నడిచేంత మెల్లగా నడుపుతూ చాలా దూరం వచ్చాడు. మమ్మల్ని దాటాలనుకున్న బండ్లన్నీ ఆయన వెనకే ఆగిపోయాయి. ఆయనకు ఎవరూ చెప్పలేదు, పుస్తకంలోనూ లేదు.

నాలుగింటికి కంది చేరాం. ఇప్పుడు పెద్ద చదువుల క్యాంపస్ ఉన్న ఆ దిక్కంతా అప్పుడు చేలే. ఒక రైతు బోరు మోటారు నడుస్తుంటే గులాబీ తనే రోడ్డు దిగి అటు తిరిగింది. ఆ రైతు మొదట బెదిరాడు, తర్వాత పైపు దాని వీపు మీదికి తిప్పి, పక్క మడిలోకి నీళ్లు వదిలాడు. గులాబీ నాలుగు కాళ్లూ బురదలో పెట్టి కళ్లు సగం మూసుకుంది. గోనె విప్పితే వెనక కాలి నుంచి నెత్తురు బురదలో కలిసింది. రైతు ఇంట్లోకి పోయి పసుపూ, వేపనూనె సీసా తెచ్చి యూసుఫ్ చేతిలో పెట్టాడు.

గట్టు మీద కూర్చున్నాక ఇక నావల్ల కాలేదు. చెప్పేశాను. దండె నిలబడకపోతే పై అంకె రాసే మా పద్ధతి చెప్పాను, పెన్సిల్‌తో వేసిన లెక్క చెప్పాను, ఇన్‌స్పెక్టర్ అడిగినప్పుడు సరిగ్గానే చూశానని అబద్ధం ఆడిన సంగతి చెప్పాను. అతను తిడతాడనుకున్నాను. తిడితే బాగుండని కూడా అనుకున్నాను.

యూసుఫ్ గొలుసు భుజం మీద నుంచి తీసి పక్కన పెట్టాడు.

"ముప్పై ఒకటి ఇరవై అని మీరు స్లిప్పు రాసేటప్పుడే నాకు సమజ్ అయింది భాయ్. అయితే ఏం అనాలె? మీరు దానికి అయిదు మినిట్లు ఇయ్యలే. పన్నెండేండ్ల సంది పొద్దుమాపు ఈ గొలుసు వేసేది నేను. మరి నేనేం ఇచ్చిన?"

అతను నన్ను సాబ్ అనడం మానేసి భాయ్ అన్నది అక్కడే. నన్ను తనతో కలుపుకున్నాడు, క్షమించలేదు. ఆ తేడా నాకు అప్పుడే తెలిసింది.

పొద్దు వాలుతుండగా సంగారెడ్డి మైదానం చేరాం. డాక్టరు మరుసటి రోజే వచ్చాడు. నా రెండో స్లిప్పు చూసి మందు లెక్కగట్టాడని యూసుఫ్ చెప్పాడు. గాయం మాత్రం ఆ నడకతో లోపలిదాకా పోయింది. సర్కస్ సంగారెడ్డిలో ఉన్నన్నాళ్లూ గులాబీ ఆటలోకి రాలేదు. ప్రతి ఆదివారం నేను బస్సెక్కి పోయేవాణ్ని, ఒకసారి నా బిడ్డను కూడా తీసుకుపోయాను. బెల్లం ముక్క తొండంలో పెట్టబోతూ నా బిడ్డ అడిగింది, గులాబీ ఇప్పుడెందుకు డ్యాన్స్ చేస్తోంది, పాట లేదు కదా అని. గొలుసు వల్ల అని చెప్పాను. ఏడేళ్ల పిల్ల బెల్లం చేతిలోనే ఉంచుకుని గొలుసు వైపు చూస్తూ నిలబడింది. యూసుఫ్ వంగి గొలుసు విప్పాడు. ఇగో భాయ్, మీ అయిదు మినిట్లు అన్నాడు. ఆ తర్వాత నేను పోయిన ప్రతిసారీ అదే మాట, అదే పని. గొలుసు జారి కింద పడటం, గులాబీ ఆగిపోవడం. మేం ముగ్గురం అలా ఊరికే నిలబడేవాళ్లం. ఆ ఆదివారాలంటే నాకు ఇప్పటికీ ఇష్టం.

ఈలోగా ఇన్‌స్పెక్టర్ మళ్లీ కాంటాకు వచ్చినప్పుడు ఆయనకూ ఉన్నదున్నట్టు చెప్పాను. నౌకరీ పోయినా పర్వాలేదనుకునే చెప్పాను. ఆయన కోప్పడలేదు. టోపీ తీసి చేతిలో తిప్పాడు.

"అయిదు నిమిషాలు కావాలని ఒక్క మాట నాతో అంటే ఆగేవాణ్ని కదయ్యా. అరగంటైనా ఆగేవాణ్ని," అన్నాడు.

చట్టం కఠినమైందనీ, ఇన్‌స్పెక్టర్ మొండివాడనీ, వెనక లైన్ ఆగనివ్వదనీ అన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నవన్నీ ఆ ఒక్క మాటతో పోయాయి. ఆగడానికి అందరూ సిద్ధంగానే ఉన్నారు. ఆగనిది నేనొక్కణ్నే.

మరుసటి ఏడాది ఎండాకాలంలో ఆ చిన్న లారీ కాంటా ముందు తనంత తానే ఆగింది. ఎవరూ పంపలేదు. యూసుఫ్ కిందికి దిగి, నేను చెప్పకముందే గొలుసు విప్పి, గులాబీ పక్కన నిలబడ్డాడు. దండె నిలబడింది. కాలు మానింది కానీ వంకరగా మానిందట, కుంటు ఉండిపోయింది. స్టూలు ఎక్కలేదు కాబట్టి ఆటలోంచి తీసేశారు, గేటు దగ్గర నిలబెడుతున్నారు. పొద్దున అయిదు మినిట్లు, సాయంత్రం అయిదు మినిట్లు గొలుసు లేకుండా ఉంచుతున్నానని, సర్కస్‌లో అందరూ దాన్ని పటాన్‌చెరు టైం అంటున్నారని యూసుఫ్ నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. దిబ్బ మీద అటూ ఇటూ నాలుగడుగులు నడిపించి చూపించాడు. ఆ కుంటు నాది. ఎవరేమన్నా, అది నా చేత్తో రాసిన స్లిప్పు నడక. ఆ తర్వాత ఆ సర్కస్ మా దారిన రాలేదు, గులాబీని మళ్లీ చూడలేదు.

ఆ తర్వాత మరో పదహారేళ్లు అదే కాంటాలో పనిచేశాను. గొర్రెలు, బర్రెలు, కోళ్లు, ప్రాణమున్న లోడు ఏది వచ్చినా నిలబడేదాకా ఆగాను. పటేలు గొణిగాడు, డ్రైవర్లు గొణిగారు, తర్వాత అలవాటుపడ్డారు. వాళ్లే దిగి బీడీ ముట్టించుకునేవాళ్లు.

2004లో పాత దండె తీసేసి కరెంటు కాంటా పెట్టారు. గుండు లేదు, దండె లేదు, ఎర్రటి అంకెలు వెలిగే డబ్బా ఒకటి. నా తర్వాత కూర్చోబోయే కొత్త ఆపరేటర్‌కు పని అప్పజెప్పి పోదామని నెల రోజులు ఉన్నాను. నన్ను అన్నా అని పిలిచే మంచి మనిషి, చేతివేగం ఎక్కువ. ఒకరోజు బర్రెల లారీ ఎక్కింది. అవి మసలుతున్నాయి, అంకెలు మారుతున్నాయి. అతను బటన్ మీద బటన్ నొక్కుతున్నాడు, కాగితం రావడం లేదు. డబ్బా మూలన ఒక చిన్న పచ్చ లైటు ఉంటుంది, బరువు కదలకుండా నిలిచాకే అది వెలుగుతుంది, అది వెలిగితే తప్ప మిషన్ స్లిప్పు ఇవ్వదు.

"ఏందన్నా ఇది, గింత మొండిదున్నది," అని విసుక్కున్నాడు.

ఆగమన్నాను. ఇద్దరం ఆ లైటు వంక చూస్తూ కూర్చున్నాం. బర్రెలు సర్దుకున్నాయి, పచ్చగా వెలిగింది, కాగితం వచ్చింది. అతను చించి డ్రైవర్‌కు ఇచ్చి తర్వాతి బండిని పిలిచాడు. నేను మాత్రం అక్కణ్నుంచి లేవలేకపోయాను. ఆ ఇనుప డబ్బాను ఎవరూ బతిమాలలేదు, అయినా అది ఆగింది. నన్నయితే ఒక మనిషి ఎండలో ఎదురుగా నిలబడి అడిగాడు, జెర టైం ఇయ్యుండ్రి అని.